స్టీలు గ్లాసులో ఇరవై చీటీలు

మా మక్తల్‌లో 'ఆట' అంటే రెండు. పిల్లలు వీధిలో ఆడేదీ ఆటే, రాత్రి పందిట్లో భాగోతులు ఆడేదీ ఆటే. "ఇయ్యాల ఆటుంది" అని మా అవ్వ అన్నదంటే, పొద్దుగూకక ముందే చాప పట్టుకుపోయి ముందు వరసలో జాగా పట్టాలని అర్థం. నేను చూసిన మొదటి ఆట హరిశ్చంద్ర. చంద్రమతి వేషం కట్టినాయన మిగతా రోజుల్లో సంతలో ఉల్లిగడ్డలు అమ్మేవాడు. ముఖానికి అర్దళం పూసుకుని, చనిపోయిన లోహితుణ్ని చేతుల మీద వేసుకుని ఆయన కాటికి వచ్చేసరికి తెల్లవారుజామయింది. లోహితుడి వేషంలో ఉన్న పిల్లగాడికి నిజంగానే నిద్ర పట్టేసింది. తల వెనక్కి వాలి, అడుగు వేసినప్పుడల్లా ఊగుతోంది. కాటికాపరి సుంకం అడిగాడు. అవ్వ కొంగు కళ్లకు ఒత్తుకుంది. ఆ పిల్లగాడు చివరికి లేచి కూర్చుంటాడని పందిట్లో అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

ఇరవై ఏళ్ల తర్వాత అదే ఊళ్లో, మా మిద్దె మీద, కాగితాలూ పెన్సిళ్లూ ముందేసుకుని నలుగురం కూర్చున్న ఇంకో ఆటలో మా తమ్ముడు, చిన్నమ్మ కొడుకు, కళ్లు తుడుచుకున్నాడు. అక్కడ వేషాల్లేవు, హార్మోనియం లేదు, చూసే జనం లేరు. కథ ఎట్లా ముగుస్తుందో ఆడుతున్న నలుగురిలో ఎవరికీ తెలియదు. మరి ఆ కన్నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయి? దీని గురించి చాలాకాలం ఆలోచించాను. నాకు దొరికిన జవాబు చెప్పాలంటే ముందు ఆట సంగతి చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర దీన్ని ఆడినవాళ్లు తక్కువ.

టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు దీన్ని. పేరులో బల్ల ఉన్నా మేం చాప మీదే ఆడతాం. ఒకరు కథ నడుపుతారు. ఊరు, వాగు, వాన, దొంగలు, అంగడాయన, దారిన పోయే ముసలమ్మ, వీటన్నిటి తరఫునా మాట్లాడేది ఆ ఒక్కరే. మన భాగోతంలో సూత్రధారి లాంటి పని అనుకోవచ్చు, కాకపోతే ఈ సూత్రధారికి కూడా రాబోయే కథ తెలియదు. మిగతావాళ్లు తలా ఒక మనిషిని కల్పించుకుని, ఆ మనిషి పేరు, బలం, నేర్పు, భయాలు ఒక కాగితం మీద రాసుకుంటారు. "వాగు పొంగుతోంది. అవతలి ఒడ్డున ఎవరో కేక వేస్తున్నారు. ఏం చేస్తావు?" అని నడిపేవాడు అడుగుతాడు. ఆడేవాడు తన మనిషి ఏం చేస్తాడో చెబుతాడు. అది జరుగుతుందో లేదో ఖాయంగా చెప్పలేని చోట పాచిక వేస్తారు. ఎక్కువగా వాడేది ఇరవై ముఖాల పాచిక. మొదట్లో మా దగ్గర అది లేదు. నోటుబుక్కు కాగితం చింపి, ఒకటి నుంచి ఇరవై దాకా రాసి, చీటీలు మడిచి స్టీలు గ్లాసులో వేసుకున్నాం. తీసిన చీటీని మళ్లీ మడిచి గ్లాసులో వేసి ఊపాలి. లేకుంటే లెక్క తప్పుతుంది.

ఇందులో ఏడుపుకి చోటెక్కడ అనిపించవచ్చు. అష్టాచెమ్మలో మన కాయ చచ్చినా, పచ్చీసులో పండబోయే కాయను ఎవరైనా కొట్టేసినా కోపం వస్తుంది, ఉక్రోషం వస్తుంది. దుఃఖం మాత్రం రాదు. ఆ కాయకు పేరు లేదు, నిన్న అనేది లేదు. ఈ కొత్త రకం ఆట పుట్టుకలోనే కాయకు పేరు పెట్టడం ఉంది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో బల్ల మీద బొమ్మ సైన్యాలతో యుద్ధాలు ఆడే బృందాలు ఉండేవి. 1969లో వాళ్లలో ఒకడైన డేవిడ్ వెస్లీ, బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత పట్నం చుట్టూ ఒక ఆట కట్టి, దండును నడిపే పనితో పాటు ఆ పట్నంలోని ఒక్కొక్క మనిషి పాత్రను కూడా ఆడేవాళ్లకు పంచాడు. వాళ్లు యుద్ధం పక్కనపెట్టి ఒకరితో ఒకరు బేరాలు, పన్నాగాలు, తగాదాలు మొదలుపెట్టారు. ఆ గదిలో ఆడినవాళ్లలో ఒకడు డేవ్ ఆర్నెసన్. 1971 నుంచి ఆయన నడిపిన బ్లాక్‌మూర్ ఆటలో అదే మనిషి మరుసటి వారం కూడా, పోయిన వారం తగిలిన దెబ్బతో, పోయిన వారం చేసిన బాకీతో తిరిగి వచ్చేవాడు. ఆర్నెసన్, గ్యారీ గైగాక్స్ కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వేశారు. మొదటి ముద్రణ 1000 ప్రతులు. దాని రాక్షసుల గురించి, కత్తుల గురించి చాలామంది రాశారు. నా దృష్టిలో దానిలో అసలు విషయం మరుసటి వారం. వారం వారం ఒక మనిషిని మోస్తే, ఆరు నెలలకు వాడికొక బతుకు వస్తుంది.

ఆ బతుకు పోయే ఘడియకు ఈ ఆటలో ఒక పద్ధతి ఉంది. 2014 నాటి నియమాల ప్రకారం, దెబ్బలు తిని కూలిన మనిషి వెంటనే చావడు. తన వంతు వచ్చినప్పుడల్లా పాచిక వేయాలి. 10 గానీ అంతకు మించి గానీ పడితే ఒక గెలుపు, తక్కువ పడితే ఒక ఓటమి. మూడు గెలుపులు ముందొస్తే ప్రాణం నిలుస్తుంది, మూడు ఓటములు ముందొస్తే పోతుంది. 1 పడితే రెండు ఓటముల కింద లెక్క, 20 పడితే లేచి కూర్చుంటాడు. లెక్క కడితే బతికే అవకాశం నూటికి దాదాపు 60 పాళ్లు. కాగితం మీద ఇది మామూలు లెక్క. మిద్దె మీద, ఒక్క బల్బు కింద, మా తమ్ముడి స్నేహితుడు రెండు ఓటముల తర్వాత గ్లాసులో చెయ్యి పెట్టినప్పుడు మాకెవరికీ ఊపిరాడలేదు. చీటీ తీశాడు, విప్పలేదు. పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాడు. కింద బండ్లు పోతున్న చప్పుడు వినిపిస్తోంది. "ఇప్పురా" అన్నారెవరో మెల్లగా. 11. ఆ పిల్లవాడు నవ్వబోయి ముఖం తిప్పుకున్నాడు.

అది భయం తీరాక వచ్చిన కన్నీరు. దాన్ని అర్థం చేసుకోవడం తేలిక. ఎనిమిది నెలలు పెంచుకున్న మనిషి, చీటీ విప్పేదాకా ఉన్నాడో లేడో తెలియదు. ధర్మరాజు పాచికల కథ విన్న ఊళ్లో దీన్ని వివరించి చెప్పనక్కర్లేదు. నన్ను కదిపింది ఇది కాదు.

మొదట్లో నేను ఒక పొరపాటు చేశాను. ఆట నడపడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న రోజులవి. వీళ్లను ఏడిపించాలని నిశ్చయించుకుని, వాళ్ల మనుషులకు రోజూ గంజి పోసే ఒక ముసలమ్మను కల్పించాను. ఆమెకు మంచి మాటలు రాసుకున్నాను. నాలుగో వారం ఆమె చనిపోయే ఘట్టం పెట్టాను. రాసుకున్నదంతా గొంతు తగ్గించి చదివాను. ముగ్గురూ మర్యాదగా విన్నారు. తర్వాత ఒకడు, "ఆమె పెట్టెల ఏమన్న ఉందా అన్నా?" అని అడిగాడు. వాళ్ల తప్పేమీ లేదు. ఆ ముసలమ్మను కన్నది నేను, పెంచింది నేను, చంపింది నేను. వాళ్లు చేయడానికి నేనేమీ మిగల్చలేదు. చూస్తూ కూర్చోమన్నాను, చూస్తూ కూర్చున్నారు. చూసి ఏడవడానికైతే చంద్రమతి వేషం కట్టినాయన గొంతు కావాలి, అది నాకెక్కడిది?

ఏడిపించాలన్న ఆలోచన మానేశాక ఆ సంగతి జరిగింది.

అప్పుడు మా ఆట ఒక ఏటిగడ్డ ఊళ్లో నడుస్తోంది. ఊరు కల్పితమే, కానీ ఏరు మాకు తెలిసిన ఏరే. మక్తల్ నుంచి దక్షిణంగా పోతే కృష్ణ తగులుతుంది. అక్కడ పుట్టిలో ఏరు దాటిన అనుభవం మా నలుగురికీ ఉంది. మా తమ్ముడి మనిషి పుట్టి నడిపేవాడు. ఆ వారం ఉప్పు వర్తకుల బళ్లకు కాపలాగా ఏటి అవతలికి, చాలా దూరం, కూలికి పోవడానికి ఒప్పుకున్నాడు. పోయేముందు పుట్టిని కట్టేసి వస్తానన్నాడు. ఒడ్డున ఎవరన్నా ఉన్నారా అని అడిగాడు. నేనేమీ అనుకోలేదు, అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పాను: "పుట్టిల నీళ్లు తోడే పిల్లగాడున్నడు. తాడు నీ చేతిలకెళ్లి తీసుకున్నడు. ఎప్పుడొస్తవ్ అని అడుగుతున్నడు."

వాడు మాట్లాడలేదు. పెన్సిల్ పక్కన పెట్టాడు. మేం ఎదురుచూశాం. చాలాసేపటికి అన్నాడు: "పీర్ల పండుగకొస్త."

మా కల్పిత ఊళ్లో పీర్ల పండుగ లేదు. ఆ లోకంలో మేం పెట్టుకున్న దేవుళ్లు వేరు, పండుగలు వేరు, వాటి పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి ఉన్నాయి. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. వాడు మోచేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు. నాకు అప్పుడు తట్టింది. మా చిన్నమ్మా చిన్నాయనా గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి వైపు పనికి పోయిన ఏళ్లలో వాణ్ని అవ్వ దగ్గర వదిలేసి పోయారు. కృష్ణ స్టేషన్‌లో రైలెక్కే ముందు ప్రతిసారీ వాడు అడిగేదీ ఆ మాటే, చిన్నాయన చెప్పేదీ ఆ మాటే. మొహర్రం చాంద్రమానం ప్రకారం వస్తుంది, ఏడాదికి దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. క్యాలెండర్‌లో అది ఎక్కడుందో వెతకడం ఆరేళ్లకే నేర్చుకున్నాడు మా తమ్ముడు. పాలమూరు లేబర్ గురించి లెక్కలు, నివేదికలు, పాటలు చాలా వచ్చాయి. ఆ ఇళ్లలో మిగిలిపోయిన పిల్లలు క్యాలెండర్ ఎట్లా చూస్తారో నాకు ఆ రాత్రి దాకా తెలియదు, అదే ఇంట్లో పెరిగి కూడా.

ఈ ఆటల గురించి ఆలోచించేవాళ్లు దీనికొక పేరు పెట్టారు. అమెరికాలో ఇట్లాంటి ఆటలు రాసే ఎమిలీ కేర్ బాస్ 2007లో దీన్ని బ్లీడ్ అన్నారు. నారాయణపేట చీరల మధ్య పెరిగినవాళ్లకు నేనైతే రంగు దిగడం అని చెబుతాను. కొత్త చీరను తెల్ల పంచెతో కలిపి నానబెడితే ఏమవుతుందో అదే. ఆడేవాడి బతుకు పాత్రకు అంటుకుంటుంది, పాత్ర బతుకు ఆడేవాడికి అంటుకుంటుంది. రెండు వైపులా జరుగుతుంది. మా తమ్ముడి విషయంలో ఇంకో మెలిక కూడా ఉంది. బతుకులో వాడు ప్రశ్న అడిగినవాడు. ఆటలో జవాబు చెప్పాల్సినవాడయ్యాడు. చిన్నాయన నిలబడిన చోట, చేతిలో తాడు వదిలేసి, పిల్లగాడి ముఖం చూస్తూ తానే నిలబడ్డాడు. అక్కడ నిలబడి చూస్తే ఇంకో మాట దొరకలేదు వాడికి. చిన్నాయనకు కూడా ఇంకో మాట దొరకలేదని వాడికి అప్పుడు తెలిసింది. ఇది నా ఊహ కాదు, మరునాడు పొద్దున చాయ్ తాగుతూ వాడే చెప్పాడు.

మన అలంకారికులు కన్నీటిని చాలా లోతుగా తవ్వారు. శోకం అనే స్థాయిభావం కరుణరసం కావడానికి సాధారణీకరణం కావాలన్నారు, భట్టనాయకుడు మొదలుపెట్టాడు, అభినవగుప్తుడు విస్తరించాడు. చంద్రమతి దుఃఖం చూసేవాడి సొంత దుఃఖమూ కాకూడదు, పూర్తిగా పరాయిదీ కాకూడదు. ఎవరిదీ కాని దుఃఖంగా మారితేనే అది రసం. మా అవ్వ కొంగు ఒత్తుకున్నది దానికే. మిద్దె మీద జరిగింది దీనికి ఎదురుగా నడిచింది. ఎవరిదీ కాని ఒక కల్పిత ఊళ్లో నుంచి వాడి సొంత దుఃఖం ఊరూ పేరూ పండుగతో సహా బయటికొచ్చింది. కల్పన లేకుండా అది వచ్చేదా అంటే రాదనే నేననుకుంటాను. "నీ చిన్నప్పుడు ఎట్లుండెరా?" అని నేను నేరుగా అడిగితే, "ఏముందన్నా, అందరిలెక్కనే" అనేవాడు. అడగలేదు కూడా ఎప్పుడూ.

ఇట్లాంటి ఘడియల కోసమే కట్టిన ఆటలు కూడా ఉన్నాయి. స్టీఫెన్ డ్యూయీ 2015లో తెచ్చిన టెన్ క్యాండిల్స్‌లో పది చిన్న కొవ్వొత్తులు వెలిగించి చీకట్లో ఆడాలి. ఒక్కో ఘట్టం ముగిసినప్పుడల్లా ఒకటి ఆర్పేస్తారు. పదోది ఆరేసరికి ఆ కథలోని మనుషులు ఎవరూ మిగలరు, అది మొదలే అందరికీ తెలుసు. ఆట మొదట్లో ప్రతి ఒక్కరూ తమ పాత్ర గొంతుతో ఒక చివరి సందేశం రికార్డు చేసి పెట్టాలి. చివరి దీపం ఆరాక, చిమ్మచీకట్లో, ఆ రికార్డింగు పెడతారు. రెండు మూడు గంటల క్రితం, ఏమీ జరగకముందు, ఆశతో మాట్లాడిన తమ గొంతునే వింటారు. ఇక్కడ ముగింపు తెలిసి ఏడవడం ఉంది, మా అవ్వలాగ.

నాకు ఇంకా దగ్గరిది డయలెక్ట్. 2018లో వచ్చింది. ఆడేవాళ్లంతా కలిసి లోకానికి దూరంగా ఉన్న ఒక చిన్న సమూహాన్ని ఊహించుకుంటారు. వాళ్లకు మాత్రమే అర్థమయ్యే మాటలు ఒక్కొక్కటే పుట్టిస్తారు, ఆ మాటలతోనే మాట్లాడుకుంటారు. కాలం గడుస్తుంది, బయటి లోకం వచ్చిపడుతుంది, చివరికి ఆ భాష పోతుంది. గంట క్రితం లేని ఒక మాట పోతే మనసెందుకు కలుక్కుమంటుందో ఆడితే గానీ తెలియదు. మక్తల్ తెలుగు మాట్లాడేవాళ్లకు కొంచెం ముందే తెలియవచ్చు. రాయచూరు రోడ్డు మీది ఊరు మాది. కన్నడం, ఉర్దూ, తెలుగు ఒకే వాక్యంలో కూర్చుంటాయి. అవ్వ వాడిన మాటల్లో సగం నేను వాడను, నేను వాడే కొన్ని మా తమ్ముడి పిల్లలకు రావు.

ఇక్కడ జాగ్రత్త గురించి కూడా రాయాలి, ఎందుకంటే రంగు దిగితే మరక కూడా పడవచ్చు. ఏడ్వడం ప్రతిసారీ మేలు చేయదు. ఒకరి గాయం మీద తెలియక కాలు వేయడం ఈ ఆటల్లో చాలా సులువు, ఆ రాత్రి నేను వేసినట్టే. జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన దీనికొక మార్గం చెప్పారు. ఒక అట్టముక్క మీద ఇంటూ గుర్తు రాసి మధ్యలో పెట్టాలి. కథ భరించలేని వైపు పోతుంటే ఎవరైనా దాన్ని తాకుతారు. ఆ ఘట్టం అక్కడే ఆగి పక్కకు తిరుగుతుంది. ఎందుకు తాకావని ఎవరూ అడగకూడదు, అడగకపోవడమే అందులో ముఖ్యం. మన భాగోతులు ఈ పనిని ఇంకో తీరుగా చేశారు. దుఃఖం గడ్డకట్టే వేళకు బుడ్డర్‌ఖాన్ లాంటి హాస్యపు వేషం వచ్చి జనాన్ని నవ్వించి పోతుంది. తెల్లవారాక మంగళం పాడతారు. వేషగాళ్లు ముఖం కడుక్కుంటారు, చంద్రమతి మళ్లీ ఉల్లిగడ్డల సంచి సర్దుకుంటాడు. ఆ కడుక్కోవడం మా ఆటలో లేదని గుర్తించి, అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాం. ఆట ముగిశాక వెంటనే లేవం. కాగితాలు మడిచి, గ్లాసులోని చీటీలు లెక్కపెట్టి, ఒకరినొకరు సొంత పేర్లతో పిలుచుకుంటూ కాసేపు కూర్చుంటాం. ఆ రోజు మాత్రం మా దగ్గర అట్టముక్కా లేదు, అలవాటూ లేదు. ఒక స్నేహితుడు చేసిన పని ఆ రాత్రిని కాపాడింది. వాడు తన మనిషి గొంతుతోనే, చాలా మామూలుగా, "పీర్ల పండుగకు ఇంకెన్ని దినాలున్నై?" అని అడిగాడు. అంటే ఆ మాటను తప్పుగా ఎంచలేదు, ఆ ఊళ్లోకి రానిచ్చాడు. నేను పండుగల కాగితం తీసి, కింద పీర్ల పండుగ అని రాశాను.

ఐదు నెలలు ఆడాం ఆ కథను. బళ్ల వెంట పోయిన పుట్టివాడు దెబ్బలు తిన్నాడు, కూలి ఎగ్గొట్టిన వర్తకుడితో తగువు పడ్డాడు, ఒకసారి మూడు చీటీల దాకా పోయి బతికాడు. తిరుగుదారి పట్టిన రోజు నేనొక లెక్క చెప్పాను. పండుగలోపు ఏటి ఒడ్డుకు చేరాలంటే 12 గానీ పైన గానీ రావాలి. తక్కువ పెట్టి ఉండొచ్చు. తక్కువ పెడితే వాడికి తెలిసిపోతుందని పెట్టలేదు.

వాడు గ్లాసు ఊపాడు. 7.

ఊళ్లోకి వచ్చేసరికి అలావా చల్లారి ఉంది. గుండంలో బూడిద. పీర్లను ఏటికి తీసుకుపోయి తెచ్చి, గుడ్డలు చుట్టి పెట్టెలో పెట్టేశారు. మలీద ముద్దలు పంచడం కూడా అయిపోయింది. ఇదంతా చెప్పి ఆగాను. తమ్ముడు ఒడ్డుకు పోతానన్నాడు. పుట్టి కట్టేసి ఉందని చెప్పాను. పిల్లగాడు ఉన్నాడా అన్నాడు. ఉన్నాడన్నాను.

"ఏమంటున్నడన్నా?"

ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. పాచిక వేసి తేల్చుకునే సంగతి కాదిది, చెప్పాల్సింది నేనే. తిట్టిస్తే బాగుంటుందా, ఏడిపిస్తే బాగుంటుందా అని ఒక క్షణం ఆలోచించాను. తర్వాత, చిన్నాయన పండుగ దాటిపోయాక రైలు దిగి వచ్చిన ఒక రోజు, కృష్ణ స్టేషన్ మెట్ల దగ్గర వీడు ఏం చేశాడో గుర్తొచ్చింది. అప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"ఏమంటలేడు" అన్నాను. "నీ చేతిల సంచి అందుకున్నడు."